నైరుతి తలుపు

గ్వెల్ఫ్, కెనడా,
2023 నవంబరు 19, ఆదివారం.

లక్ష్మమ్మ అక్కయ్యకు తమ్ముడు కేశవరావు నమస్కారాలు. ఇక్కడ నేను, మీనాక్షి, పిల్లవాడు బాగున్నాము. నీ మోకాళ్ళ నొప్పి, బావగారి దగ్గు ఎలా ఉన్నాయో రాయి.

నాలుగు రోజులుగా సన్నటి వాన. మంచు ఇంకా పడలేదు. ఈ ఉదయం పెరట్లో రాలిన మేపుల్ ఆకులు ఊడ్చి కాగితపు సంచుల్లోకి ఎత్తాను. రేపు బండి వచ్చి తీసుకుపోతుంది. తరువాత నిచ్చెన వేసి చూరు గొట్టాల్లో ఇరుక్కున్న ఆకు తీశాను. వేళ్ళు కొంకర్లు పోయి అక్షరం కుదురుగా రావడం లేదు. నీకు ఫోనులో మాట వినపడదు కాబట్టి రాస్తున్నాను. ఇది నువ్వే చదువుకో, పక్కింటి సుబ్బరాజు చేత చదివించవద్దు.

నువ్వు అడిగినవి చెబుతాను. మీనాక్షికి ఆసుపత్రి వంటశాలలో పని పర్మనెంటు అయింది. ఫ్యాక్టరీలో నాకు ఉదయపు షిఫ్టే. పిల్లవాడికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో చెబుతాడు. రెండేళ్ళుగా అద్దెకుంటున్న ఈ ఇల్లే కొంటున్నాము. తాళాలు డిసెంబరు ఒకటిన చేతికొస్తాయి. ఆ తరువాత గృహప్రవేశానికి ఏ ముహూర్తమైనా పరవాలేదు.

నైరుతి తలుపు మూసే ఉంచావా అని అడిగావు. దానికి జవాబు కొంచెం పొడుగు.

మేము పైన ఉంటాము. నేలమాళిగలో ఒక వాటా ఉంది. అందులో నిరుడు సెప్టెంబరు నుంచి ముగ్గురు కరీంనగర్ అమ్మాయిలు ఉంటున్నారు. మధుమిత, మృదుల, వాసవి. కాలేజీలో చదువుతూ కాఫీ దుకాణాల్లో పని చేస్తారు. ఇప్పుడు ఈ ఊళ్ళో విద్యార్థులకు మంచం వేసుకునే చోటు దొరకడమే కష్టం.

మా ఇద్దరి జీతాల మీదే బ్యాంకు లోను రాదు. కింది వాటా అద్దె కూడా కలిపితే వస్తుంది. కలపాలంటే ఆ వాటాలో మనుషులు ఉండవచ్చని అగ్నిమాపక శాఖ తనిఖీ చేసి కాగితం ఇవ్వాలి. అది లేకపోతే లోను లేదు, ఇల్లు లేదు.

అక్టోబరు 17న ఇన్‌స్పెక్టరు వచ్చింది, యాభై ఏళ్ళ మనిషి. నేను ఆమెను కిందికి తీసుకువెళ్ళేసరికి అక్కడ మధుమిత ఒక్కతే ఉంది. ఇన్‌స్పెక్టరు పొగ అలారాలు చూసింది, కిటికీలు కొలిచింది. తరువాత మధుమితను, “మంటలు లేస్తే ఎటు పోతావు?” అని అడిగింది. పిల్ల మెట్లు చూపించింది.

“పొయ్యి ఆ మెట్ల పక్కనే ఉంది. అక్కడే అంటుకుంటే?”

మధుమిత నవ్వి నా వైపు చూసి తెలుగులో, “అంకుల్ ఉన్నరు కదా పైన,” అంది.

ఇన్‌స్పెక్టరు బియ్యం బస్తాల అర జరిపించింది. వెనక పెరట్లోకి వెళ్ళే ఆ నైరుతి తలుపు, దానికి అడ్డంగా మరలు బిగించిన ప్లైవుడ్, దాని మీద పసుపు, మూడు కుంకుమ బొట్లు. నేను గీసి పంపిన ప్లాను చూసి వాస్తు చూసే వీర్రాజుగారు మూయమన్నారని నువ్వు రాస్తే, ఇంట్లో చేరిన వారానికే నేను బిగించిన చెక్కే అది. బయటికి పోవడానికి రెండో దారి అదొక్కటేనట. తెరిచి, అలారాలు ఒకదానితో ఒకటి కలిపి, మళ్ళీ పిలవమంది.

అదే రోజు చెక్క ఊడదీశాను. కొత్త గడియ పెట్టించాను, లోపల నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకుంటుంది. ఈ నెల పదిన రెండోసారి వచ్చి చూసింది. పద్నాలుగున కాగితం వచ్చింది, పదహారున లోను ఖాయమైంది. కాబట్టి తలుపు తెరిచే ఉంటుంది. వీర్రాజుగారిని శాంతి చేయమని అడగవద్దు.

పైన ఒక సంగతి రాయకుండా దాటేశాను.

ఆ చెక్క ఎవరు కొట్టారని ఇన్‌స్పెక్టరు నన్ను అడిగింది. “కింద ఉండేవాళ్ళు. వాళ్ళ ఆచారం కాబోలు,” అన్నాను. ఆమె రాసుకుంది. నేలమాళిగల్లో మనుషులు ఎలా పోతారో మధుమితకు చాలాసేపు చెప్పింది. పిల్ల తల వంచుకుని విన్నది.

ఇన్‌స్పెక్టరు వెళ్ళాక మధుమిత, “అదేంది అంకుల్? మేమొచ్చేటాల్లకే ఆడ బియ్యం అర ఉండె. దాని ఎన్క తలుపున్నదని గూడ మాకెర్కలేదు,” అంది.

“కాగితం రానీయమ్మా. తరువాత చెప్పేస్తాను.”

“ఎవరికి చెప్తరు?”

సాయంత్రం మిగతా ఇద్దరూ వచ్చాక కింద నుంచి మృదుల గొంతు పైకి వినబడింది. “బొట్లు పెట్టి మరీ మూసినమంట! అంత భక్తి ఉంటే మనం ఫస్ట్ సెమిస్టర్‌ల ఎందుకు ఫెయిలైతం?” ఎవరి నవ్వూ వినబడలేదు.

నేనే మూశానంటే లోను పోతుందనుకున్నాను. వారం తరువాత బ్యాంకు అతన్ని ఊరికే అడిగినట్టు అడిగాను. ఎవరు మూశారన్నది వాళ్ళకు అక్కరలేదట, ఇప్పుడు తెరిచి ఉందా లేదా అన్నదే కావాలట. అది తెలిశాక కూడా నేను చెప్పలేదు. రెండోసారి వచ్చినప్పుడు ఇన్‌స్పెక్టరు, “ఇక ఎన్నడూ మూయకండి,” అని మధుమితతోనే అంది. ఆ పిల్ల “ఓకే” అంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

మీనాక్షి, “మీరు మూసి ఆ పిల్లల మీద పెట్టారు. నేను కిందికి వెళ్ళి కూర గిన్నె ఇవ్వడానికి కూడా మొహం లేదు,” అంది. నీకు రాస్తే భారం తగ్గుతుందని కాదు. మూయమన్నది నువ్వు కాబట్టి, తరువాత ఏం జరిగిందో నీకు తెలియాలి.

ఆ వాటా ఖాళీ అవుతుందని గురువారం ప్రకటన పెడితే చీకటి పడేలోపు పదకొండు ఫోన్లు వచ్చాయి.

మధుమిత, మృదుల, వాసవి పక్క ఊరు కిచెనర్‌లో గది చూసుకున్నారు. సామాను పెరటి తలుపు గుండా మోసుకుని, నిన్న శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు వెళ్ళిపోయారు.

ఇట్లు,
నీ తమ్ముడు
కేశవరావు