తుపాకీ గొట్టం, ఒకే ఒక్క సీసా

సోమవారం, ఉదయం

నిర్ణయం తీసుకున్నాను. ఆదివారంలోగా నా రైఫిలు గొట్టాన్ని నేనే శుభ్రం చేస్తాను. అందుకు ఒకే ఒక్క సీసా కొంటాను. దాన్ని నేనే ఎంచుకుంటాను. ఎవరి సలహా అడగను. అడగకుండా ఇచ్చే సలహా వినను.

ఆదివారం రైఫిలు క్లబ్బులో అరవై దాటిన ఆడవాళ్ళ జోడీ పోటీ. ఇద్దరూ పక్కపక్కనే బోర్లా పడుకుని గురి కాల్చాలి. కాలేజీ రోజుల నుంచీ నేనూ మా చెల్లెలూ ఒకే జోడీ. తన రైఫిలు మరమ్మతులో ఉందని నెల్లాళ్ళు నాది వాడుకుని, నిన్ననే తెచ్చి ఇచ్చింది. "శుభ్రం చేసే తెచ్చానక్కా" అంది. అంటుంది. చిన్నప్పుడు బ్రష్షు తడిపి చూపించి పళ్ళు తోముకున్నానని చెప్పిన నోరది.

మా అల్లుడు ఫోన్ చేశాడు. "అత్తయ్యగారూ, ఈ వయసులో ఆ కడ్డీలూ నూనెలూ మీకెందుకండీ? నేనొచ్చి చేసిపెడతాగా!" హాల్లో మేకు కొట్టమంటే గోడకు కన్నం పెట్టిన మహానుభావుడు. ఆ కన్నం కనపడకుండా దానిమీద నా పట్టా తగిలించాను. రసాయనశాస్త్రంలో పట్టా!

సోమవారం, సాయంత్రం

తుపాకుల దుకాణం. గోడ పొడుగునా సీసాలు. కడిగేవి, కాపాడేవి, రెండూ చేస్తామని కోతలు కోసేవి. ప్రతి సీసామీదా గడ్డం పెంచిన మగవాడొకడు కొండలవైపు చూస్తున్నాడు. గొట్టంవైపు చూసేవాడు ఒక్కడూ లేడు.

"ఎవరికండీ, సారుకా?" అన్నాడు దుకాణదారు.

"సారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయనకు బెలూను పగిలినా గుండెదడే. రైఫిలు నాది."

"అయితే ఇది తీసుకోండమ్మగారూ. కడుగుతుంది, నూనె పెడుతుంది, తుప్పు రానివ్వదు. మూడూ ఒక్కదాంట్లోనే!"

"మూడు పనులు చేస్తానన్నవాడు ఒక్కటీ పూర్తి చేయడు. మా అల్లుడొకడున్నాడు."

భూతద్దం పెట్టి చదివి, రాగిని కరిగించే ద్రావణం కొన్నాను. తూటాలకు రాగి తొడుగు ఉంటుంది. కాల్చినప్పుడల్లా అందులో కొంత గొట్టం లోపల అంటుకుంటుంది. ద్రావణంలో తడిపిన గుడ్డముక్కను కడ్డీ మొనకు తగిలించి లోపలికి తోస్తే, రాగి ఉన్నంతసేపూ గుడ్డ నీలంగా వస్తుంది. రాగి పోతే తెల్లగా వస్తుంది. అబద్ధం ఆడడం దానికి చేతకాదు. మనుషులకూ అలాంటి గుడ్డ ఒకటి ఉంటే ఎంత బాగుండును!

మంగళవారం, ఉదయం

నీలం! మొదటి గుడ్డే నీలం! నా ఎంపిక అమోఘం. ద్రావణం పనిచేస్తోంది. అల్లుడిని పిలిచి చూపించాలనిపించింది. పిలవలేదు.

మంగళవారం, మధ్యాహ్నం

ఇంకా నీలమే.

మంగళవారం, సాయంత్రం

నీలమే. బల్లనిండా నీలం గుడ్డలు. మా చెల్లెలు గొట్టంలో రాగి గని తవ్వి పోయినట్లుంది. "శుభ్రం చేసే తెచ్చానక్కా!"

బుధవారం

రెండో సీసా కొన్నాను. నిర్ణయం చెక్కుచెదరలేదు. మొదటిది బలహీనమైనది కనుక దాన్ని సీసా కింద జమకట్టనక్కరలేదు. ఇది ఘాటైనది. మూత తీయగానే కళ్ళలో నీళ్ళు. కిటికీలన్నీ తెరిచాను. ఎదురింటి ఆవిడ తనవన్నీ మూసుకుంది.

గుడ్డ మరింత నీలంగా వచ్చింది.

ఇక ఊరుకోలేక చెల్లెలికి ఫోన్ చేశాను.

"ఏమే, నా రైఫిలు కడిగే ఇచ్చావా?"

"కడిగే ఇచ్చానక్కా. గుడ్డ తెల్లగా వచ్చేదాకా నా కడ్డీతో తోశాను."

"తెలుపంటే ఏమిటో నీకు తెలిస్తేగా. రెండు రోజులుగా నీలమే వస్తోందిక్కడ."

"నా చేతిలో ఉన్నప్పుడు తెల్లగానే ఉంది. నువ్వేం పోశావో ఏమో!"

"నేనా? పట్టా ఉన్నదాన్ని నేను!"

"ఉంది లేవే! యాభై ఏళ్ళుగా ఆ పట్టాతోనే నా నోరు మూయిస్తున్నావు. ఆదివారం దాన్నే పక్కన పడుకోబెట్టుకుని కాల్చుకో. నేను రాను."

ఫోన్ పెట్టేసింది. పెట్టేయనీ.

గురువారం

మూడో సీసా. నురుగుగా వస్తుంది. కనుక దీన్ని ద్రావణం అనడం శాస్త్రీయం కాదు. నిర్ణయానికి భంగం లేదు.

అల్లుడు పిలవకుండానే వచ్చాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏంటండీ అత్తయ్యగారూ, ఇల్లంతా ఈ కంపు?"

"రసాయనశాస్త్రం."

"నేనో వీడియో చూశానండీ. గొట్టాన్ని రాత్రంతా నానబెట్టేయమన్నాడు."

"ఇనుము తినే మందులో రాత్రంతా నానబెట్టమన్నవాడి ముఖం నీలా ఉందా?"

పాపం, వెళ్తూ వెళ్తూ తను తెచ్చిన సీసా బల్లమీద పెట్టిపోయాడు. నేను కొన్నది కాదు గనుక అది లెక్కలోకి రాదు. ఊరికే మూత తీసి చూశాను. ఊరికే వాడి చూశాను.

నీలం.

శుక్రవారం

దుకాణంలో, సందర్భవశాత్తూ, ఏది ఘాటైనదని విచారించాను. ఇది సలహా అడగడం కాదు. మార్కెట్ పరిశీలన. దుకాణదారు ఇప్పుడు నన్ను చూడగానే కుర్చీ వేస్తున్నాడు. ఇంకో సీసా కొన్నాను.

ఇల్లు చేరి గుడ్డ తడిపి కడ్డీ మొనకు తగిలించానో లేదో ఫోన్ మోగింది. కడ్డీని అలాగే సాసరు మీద ఆనించి వెళ్ళాను. క్లబ్బు సెక్రటరీ.

"మేడమ్, మీ చెల్లెలుగారు పేరు తీసేయమన్నారు. రేపు సాయంత్రంలోగా ఇంకో జోడీ పేరు ఇస్తారా? లేకపోతే మీ పేరూ తీసేయాల్సొస్తుందండీ."

"చూస్తాను" అన్నాను. ఎవరిని చూడను? నా పక్కన మరొకరు పడుకుని కాల్చడం నేనెన్నడూ ఎరగను. తను ఊపిరి బిగబట్టడం వినిపిస్తేనే నేను మీట నొక్కుతాను. ఇది అలవాటు, అంతే. దీనికి మరో పేరు పెట్టనవసరం లేదు.

కడ్డీ సంగతి మరిచి పడుకున్నాను.

శనివారం, ఉదయం

సాసరు మీద గుడ్డ నీలంగా ఉంది.

ఆ గుడ్డ గొట్టంలోకి పోనేలేదు. గొట్టం ముఖమైనా చూడలేదు.

అయినా నీలంగా ఉంది.

కడ్డీ మొనను కిటికీ దగ్గరికి తెచ్చి చూశాను. పసుపుపచ్చగా మెరుస్తోంది. ఇత్తడి! ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం. మొదటి సంవత్సరం, మొదటి పాఠం. ఈ వారమంతా నేను కరిగించింది నా కడ్డీ మొననే. సీసా ఘాటైనకొద్దీ మొన మరింత కరిగింది, గుడ్డ మరింత నీలపడింది.

నూలు తాడుకు గుడ్డ కట్టి, ద్రావణంలో తడిపి, గొట్టంలోంచి లాగాను. తెల్లగా వచ్చింది. మళ్ళీ లాగాను. మల్లెపువ్వులా వచ్చింది.

కడిగే ఇచ్చింది.

గోడమీది పట్టాను తీసి బీరువాలో పెట్టాను. కన్నం బయటపడింది. ఉండనీ. రెండింట్లో అదే నిజాయితీగా ఉంది.

శనివారం, మధ్యాహ్నం

క్షమాపణ చెప్పడం నాకు చేతకాదు. ఇప్పుడు నేర్చుకునే ఓపికా లేదు. ఫోన్ చేశాను.

"ఏమే, గొట్టానికి నువ్వు ఏ నూనె పెడతావు?"

"ఎవరండీ మాట్లాడేది? గొంతు మా అక్కదిలా ఉంది. మా అక్కయితే ఎవరినీ సలహా అడగదే!"

"వేళాకోళం చాలు. గుడ్డ తెల్లగా వచ్చింది."

"ఎలా?"

"కడ్డీ మొన ఇత్తడిది."

అవతల నవ్వు! ఫోన్ చెవికి దూరంగా పెట్టుకోవలసి వచ్చింది.

"అక్కా, చరిత్ర చదివినదాన్ని, తెలియక అడుగుతున్నా. ఇత్తడిలో రాగి ఉంటుందా?"

"ఉంటుంది."

"అబ్బ! చదువుకున్నవాళ్ళతో మాట్లాడితే ఎన్ని తెలుస్తాయో!"

"నూనె సంగతి చెబుతావా, పెట్టేయనా?"

"పలచని నూనె ఏదైనా సరే, ఒక్క చుక్క. తుప్పు పట్టకుండా అది చాలు. రేపు కాల్చేముందు పొడిగుడ్డతో మొత్తం తుడిచెయ్యి. తడి ఉంటే మొదటి తూటా పక్కకు పోతుంది. ఇంకో మాట. సెక్రటరీకి నేను చెప్పను. నా పేరు నువ్వే, నీ నోటితోనే మళ్ళీ రాయించు."

రాయించాను. "పొరపాటు జరిగింది" అన్నాను సెక్రటరీతో. "ఎవరిదండీ?" అన్నాడు. "ఇత్తడిది" అన్నాను. గొంతు తగ్గించి, "నాదీ" అన్నాను. ఆయన ఆ రెండో మాట విన్నట్లు లేదు. మళ్ళీ చెప్పే బాధ్యత నాకు లేదు.

ఆదివారం, సాయంత్రం

చెల్లెలు నా గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూసింది. "అద్దంలా ఉంది. ఎవరు కడిగారో గానీ!" అంది. "పొడిగుడ్డతో తుడిచావా?" అని కూడా అంది. "అన్నీ నువ్వు చెప్పాలా!" అన్నాను.

తుడవలేదు. మొదటి తూటా గురి అట్ట అంచును గీరుకుంటూ పోయింది. మిగిలినవన్నీ, పక్కన ఊపిరి ఆగడం విని కాల్చినవి, ఉండవలసిన చోటే ఉన్నాయి.

రెండో స్థానం. మొదటి స్థానం వచ్చిన జోడీకి కళ్ళద్దాలే అర అంగుళం మందం. వాళ్ళకు గురి కాదు, గాలి కలిసొచ్చింది.

రేపటి నుంచి మళ్ళీ నిర్ణయం: ఒకే ఒక్క సీసా. ఎవరి సలహా అడగను. ఇంట్లో ఉన్న సీసాలన్నీ అల్లుడికి ఇచ్చేస్తాను, వీడియోలు చూసుకుంటాడు.

కడ్డీకి మాత్రం ఇత్తడి కాని మొన కొనాలి. ఉక్కుదా, ప్లాస్టిక్‌దా? మా చెల్లెలిని అడగాలి. అది సలహా కాదు. మార్కెట్ పరిశీలన.