పెదనాయన కుడిపక్క

మార్కాపురం,
గురువారం సాయంత్రం.

నాయనకు, అమ్మకు పెద్ద కూతురు చెంచులక్ష్మి దండాలు పెట్టి రాసుకునేది. నేనిక్కడ ఒంటికి బాగానే ఉన్నాను. మీరంతా బాగున్నారని తలుస్తున్నాను. అమ్మ మోకాలి వాపు తగ్గిందా? బోరులో నీళ్లు ఇంకా వస్తున్నాయా? కుంటిమేక ఈనిందా, పిల్ల నిలిచిందా? చెల్లెలు ఇది నీకు చదివి వినిపిస్తుందని తెలుసు. సుబ్బులూ, గబగబా చదవొద్దు. నాయన ఆపమంటే ఆపు. మధ్యలో మడిచిపెట్టమంటే మాత్రం వినొద్దు.

ఫోన్లో చెబుదామనుకుని నంబరు నొక్కబోయి ఆగిపోయాను. గొంతు విప్పితే ఏడుపే వస్తోంది. నా ఏడుపు వింటే నువ్వు ఆదివారం దాకా ఆగవు, రేపే బస్సెక్కుతావు. అందుకే కాగితం మీద పెట్టి, రేపు పొద్దున కొమరోలు బస్సుకు వస్తున్న ఓబులేసు మామ చేతికి ఇస్తున్నాను. నాయనా, ఆదివారం నన్ను తీసుకుపోవడానికి రావొద్దు. రమ్మన్నది నేనే, వద్దంటున్నదీ నేనే. ఎందుకో చెబుతాను, చివరిదాకా విను.

నేను పెదనాయనా అని పిలిచే వీరాచారికి పక్షవాతం వచ్చిందనీ, కుడిచెయ్యి పడిపోయి మాట కూడా పోయిందనీ నీకు తెలుసు. ఆయన నాకు పని ఎట్లా నేర్పాడో ఎప్పుడూ చెప్పలేదు. డిగ్రీ చదువుకని ఈ ఊరొచ్చిన కొత్తలో, కాలేజీ నుంచి వస్తూ ఆయన కొయ్యపని కొట్టం ముందు రోజూ నిలబడేదాన్ని. ఒకరోజు ఆయనే లోపలికి పిలిచి ఉలి, కొయ్యసుత్తి చేతికిచ్చాడు. నేను సుత్తిని ఎడమచేత్తో పట్టుకున్నాను. పుర్రచెయ్యి అంటాడని, మార్చుకోమంటాడని బిగుసుకుపోయాను. ఆయన లేచి, తన పీట తెచ్చి నాకు ఎదురుగా వేసుకున్నాడు.

“పక్కన కూచుంటే నా పని నీకు తిరగబడి కనపడతాది. ఎదురుగా చూడు. అద్దంలో చూసినట్ట చూసి చెయ్” అన్నాడు.

ఆ రోజు నుంచి మధ్యలో మొద్దు, అటు ఆయన, ఇటు నేను. వెలుతురు బాగా పడే చోటు నాకు వదిలేసి ఆయన నీడలోకి జరిగాడు. గుడి కోసం చేస్తున్న కొయ్య హంసను చూడ్డానికి ఆ గుడి తరఫున వచ్చిన ఒక పెద్దమనిషి నన్ను చూసి, దేవుడి వాహనానికి ఎడమచెయ్యేంది ఆచారీ అని నసిగితే, “పనంతా అయినాక హంసనే అడుగు సామీ, యా చేత్తో చెక్కినారో అదే చెప్తాది” అన్నాడు. ఆ పెద్దమనిషి తప్ప అందరం నవ్వాము.

చేతికి పని ఇవ్వకముందు నాకు మాటలిచ్చాడు నాయనా. చెక్కలో కనిపించే గీతల్ని ఆయన ‘నీళ్లు నడిచిన దావ’ అంటాడు. చెట్టు బతికున్నప్పుడు వేరు నుంచి కొమ్మకు నీళ్లు పోయిన దారట అది. దాని వెంట పోతే ఉలి జారుతుంది, అడ్డం పోతే పెచ్చు లేస్తుంది. ఆ మాట విన్న రోజు దారి పొడుగునా దాన్నే అనుకుంటూ నడిచాను. నాకు మాటల మీద మోజు పుట్టింది ఆ కొట్టంలోనే. అంత మాట ఇచ్చిన మనిషి ఇప్పుడు మంచినీళ్లు కావాలన్నా గొంతు పెకలక, గ్లాసు వైపు చూస్తాడు.

ఆసుపత్రి నుంచి తెచ్చినప్పటి నుంచీ నేను వాళ్లింట్లోనే ఉంటున్నాను, ఈ వారాలు ఎట్లా గడిచాయో నాకే తెలియదు. ఎండ మండిపోతోంది. పలకల ఫ్యాక్టరీల దుమ్ము లేచి హంస మీద పడుతోంది. తుడుస్తాను, మళ్ళీ పడుతుంది. ఆ హంస వాహనానికి ఒక రెక్క ఈకలన్నీ ఆయన చెక్కేశాడు. రెండో రెక్క ఇంకా మొద్దుగానే ఉంది. పొద్దున్నే ఆయన భార్య లక్ష్మీదేవి పెద్దమ్మా, నేనూ ఆయన్ను నడిపించుకొచ్చి, హంస ముందు స్తంభానికి ఆనించి కూర్చోబెట్టేవాళ్లం. నేను ఎప్పటిలాగే ఎదురుగా కూర్చుని ఉలి పట్టేదాన్ని. ఆయన నన్ను చూసి ఎడమచెయ్యి ఒంటికి అడ్డంగా విసిరేవాడు, పక్కకు, బయటికి, పో పో అన్నట్టు. నేను పని ఆపితే ఇంకా విసిరేవాడు. ఆయన కుడి చేతిలో ఉలి పెట్టి వేళ్లు మూయబోతే తోసేసేవాడు. నన్ను చూస్తే పోయిన చెయ్యి గుర్తొస్తోంది కాబోలనుకున్నాను.

“నీ మింద కోపం కాదు మే, రాత మింద కోపం. ఆయన పొమ్మంటా ఉంటే ఎన్నాళ్లు ఉంటావు, పోయిరా బిడ్డా” అన్నది పెద్దమ్మ, కళ్లు తుడుచుకుంటూ. ఆ మధ్యాహ్నమే నీకు ఫోన్ చేసి ఆదివారం రమ్మన్నాను.

నిన్న నా ఉలులు గుడ్డలో చుట్టుకుని, ఆయన కాళ్లకు మొక్కుదామని కొట్టంలోకి పోయాను. ఎదురుగా హంస అడ్డం ఉంది. చుట్టూ తిరిగి పోయి ఆయన కుడిపక్కన కూలబడ్డాను. కాలు తాకేలోపే నా ఎడమచెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టుకు గాజు చిట్లింది. చేతిని లాక్కుపోయి కొయ్యసుత్తి మీద పెట్టాడు. తన ఎడమచేత్తో ఉలి తీసుకుని రెండో రెక్క మీద మొన ఆనించి, నా చేతి వైపే చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు తెలిసింది నాయనా. ఉలి ఆయన ఎప్పుడూ పట్టేది ఎడమచేత్తోనే. పడిపోయింది కొట్టే చెయ్యి. నేను కుడిపక్కన ఆనుకుని కూర్చుంటే, నా ఎడమచెయ్యి సరిగ్గా ఆయన కుడిచెయ్యి ఉండే చోటికి వస్తుంది. ఇన్ని వారాలూ ఆయన నన్ను పొమ్మనలేదు. ఇటు, తన కుడిపక్కకు జరగమన్నాడు. మొదటి రోజు ఆయన చూపించిన చోటే నా చోటని నేను కదల్లేదు.

కొట్టాను. గట్టిగా కొట్టాను, పెచ్చు లేచింది. ఆయన గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. మాట కాదు, కానీ తిట్టే. అది విని పెద్దమ్మ పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. తర్వాత నిదానించాను. ఉలి ఆనిస్తే కొట్టాలి, ఎత్తితే ఆగాలి. పొద్దుగూకేసరికి ఒక ఈక వచ్చింది, వంకర ఈక. దాన్ని వేలితో తడుముకుని ఏడ్చాడు. మంచి ఏడుపో చెడ్డ ఏడుపో నాకు తెలియలేదు, పెద్దమ్మకూ తెలియలేదు.

ఆ తర్వాత పెద్దమ్మ నా చోట కూర్చుని చూసింది. ఆమెది కుడిచేతి వాటం, ఒళ్లు అడ్డం వచ్చి దెబ్బ సరిగా పడలేదు. హైదరాబాదు నుంచి వచ్చిన ఆయన కొడుకు రమేశన్నదీ అదే గతి. అతను చెడ్డవాడు కాదు. ఉత్త చేతులతో కూర్చుని తన నాయన ఏడవడం చూడలేక, ఆదివారం కొట్టానికి తాళం వేసి వాళ్లిద్దరినీ హైదరాబాదు తీసుకుపోతానంటున్నాడు. నిన్న ఆ ఈకను వంగి దగ్గరగా చూశాడు. చివరికి, “నువ్వుంటావా పోతావా చెప్పు చెంచూ. నువ్వు పోతే మటుకు తాళమే” అన్నాడు.

నాకు చాలా భయంగా ఉంది. మళ్ళీ పక్షవాతం రావచ్చని డాక్టరు చెప్పాడు. రెండో రెక్క అవుతుందో లేదో, అంతవరకు ఆయన ఉంటాడో లేదో తెలియదు. తెలిసిందల్లా, నేను బస్సెక్కితే ఆయన చెయ్యి నాతోపాటు బస్సెక్కుతుందని.

నా గురించి దిగులు పడొద్దు. పెద్దమ్మ సద్దరొట్టె, గోంగూర కడుపునిండా పెడుతుంది. ఈ ఇంట్లో నీచు వండరు, ఆ బెంగ ఒకటి. కాలేజీ మానలేదు, మానను. సాయంత్రం ఎక్కడో గొర్రెల మంద అరుపు వినపడితే మాత్రం చెవులు మీ దగ్గరికి వచ్చేస్తాయి.

అమ్మకు ఒక మాట చెప్పు. చిన్నప్పుడు అన్నం దగ్గర నా ఎడమచేతిని చీర పీలికతో కట్టేసేది. నా మంచికే, తెలుసు. ఇప్పుడు ఆ చెయ్యి నా ఒక్కదానిదే కాదు. మళ్ళీ కట్టెయ్యొద్దని చెప్పు.

ఓబులేసు మామ శనివారం తిరిగి వస్తాడు. గొర్రెల దొడ్డి పక్కన ఎండిన వేపమొద్దు ఉంది కదా, ఉండమనేటట్టయితే దాన్ని మామ చేత పంపు. హంస మీద ఇంకో పెచ్చు లేవకముందు, పెదనాయనా నేనూ దాని మీద కొట్టి కొట్టి చెయ్యి కలుపుకుంటాము. మొద్దు వస్తే నీ మాట వచ్చినట్టే. మామ ఉత్త చేతులతో దిగితే, సంచి పక్కన పెట్టుకుని ఆదివారం నీకోసం గడపలో కూర్చుంటాను, ఎదురు చెప్పను.

అవ్వకు, చిన్నాయనకు దండాలు. సుబ్బులును బాగా చదువుకోమన్నానని చెప్పు. మీ దీవెన పంపండి, సగం ఆయనకు ఇస్తాను.

మీ బిడ్డ,
చెంచులక్ష్మి