బస్సు కనబడే బండలు

షామీర్‌పేట,
మంగళవారం.

ఇంజనీరు సారుకు దండం పెట్టి రాస్తున్నాను. నేను యూనివర్సిటీలో మొక్కలకు నీళ్లు పట్టే ముసలోణ్ణి. మొన్న మీటింగులో ఎవరన్నా ఏమన్నా చెప్తారా అని మీరు అడిగినప్పుడు వెనక నిలబడి ఉన్నాను. అంతమందిలో నోరు రాలేదు.

పిల్లలు కూర్చొని మాట్లాడుకోవడానికి లైబ్రరీ వెనక గుండ్రంగా అరుగులు కట్టిస్తామన్నారు. మంచిదే. పంపు షెడ్డు పక్కన మిగిలిపోయిన బండలు తీయించేస్తామన్నారు. పిల్లలు సాయంత్రం కూర్చునేది ఆ బండల మీదే సార్. పని అయ్యాక నేనూ చివరి బండ మీద కూర్చుంటాను. అందరం ఒకటే బస్సుకు పోతాం.

ఆ పిల్లల్లో సూరారం నుంచి వచ్చే సరళను అడిగాను.

"బిడ్డా, లైబ్రరీ ఎనక మంచిగ కడ్తుండ్రట. ఆడ కూసుంటరా?"

"తాతా, ఈడ కూసుంటే మాకు బస్సు కనవడ్తది. ఆడ కూసుంటే సార్లకు మేం కనవడ్తం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ బస్సు పోతే ఇంకొకటి గంటకు గాని రాదు. బండలు తీస్తే పిల్లలు గేటు కాడ నిలబడతారు. నిలబడ్డవాళ్లు ఫోన్లు చూసుకుంటారు, మాట్లాడుకోరు.

ఇంకొకటి చెప్పాలి. అరుగుల కొలతలకు మీరు పోయించిన ముగ్గు నిన్న నీళ్లకు కొట్టుకపోయింది. పైపు జారిందని మేస్త్రీకి చెప్పాను. జారలేదు, నేనే పట్టాను. మేస్త్రీని ఏమీ అనకండి.

మళ్లీ ముగ్గు పోయించే ముందు ఒక సాయంత్రం వచ్చి ఆ బండల కాడ కూర్చోండి. బస్సు వచ్చేదాకా చాలు. నా బండ మీద మీరు కూర్చోండి, నేను నిలబడతాను.

మీ తోటపని ముసలాయన