కూర్చునే పని

మిలియానా,
సోమవారం

ప్రియమైన ఖీరాకి,

నీ హస్నియా రాసుకునేది. ఫోను చేతిలో ఉండగా ఈ కాగితాలేమిటే అని నవ్వుతావని తెలుసు. ఫోనులో నువ్వు "ఎలా ఉన్నావే?" అంటావు. నా నోరు నన్నడక్కుండానే "బాగున్నా, దేవుడి దయ" అనేస్తుంది. తరవాత ఇద్దరం నీ తిమీమూన్ ఎండల గురించీ, నీ బడిపిల్లల అల్లరి గురించీ మాట్లాడుకుని పెట్టేస్తాం. చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోతుంది. ఇవాళ నిరుద్యోగ భృతి డబ్బు తీసుకోవడానికి పోస్టాఫీసుకి వెళ్లాను. మా వరస కదలడం లేదు, పక్క కిటికీ దగ్గర ఒక్కరూ లేరు. వెళ్లి స్టాంపు కొన్నాను. కొన్నాక రాయక తప్పదు కదా.

నాకు పని దొరికింది. అప్పుడే గంతులెయ్యకు, మొత్తం చదువు.

పోయిన గురువారం వదినతో, పిల్లలతో స్నానాలకి హమ్మాంకి వెళ్లాను. లల్లా బఖ్తా గుర్తుంది కదా, చిన్నప్పుడు వేడినీళ్ల తొట్టిలో నారింజ తొక్కలు వేశామని మనిద్దరి చెవులూ మెలేసిన మహాతల్లి. ఇప్పటికీ హమ్మాం ఆవిడదే, గుమ్మం పక్కన బల్ల మీద ఇప్పటికీ ఆవిడే. వచ్చినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోవడం, గాజులూ కమ్మలూ దాచిపెట్టడం, బట్టల మూటలు కాయడం, మధ్యాహ్నం ఆడవాళ్ల వేళ మొదలవగానే, ఇక మగవాళ్లు రాకూడదని గుర్తుగా వీధి తలుపు మీద తువ్వాలు వేలాడదియ్యడం, అన్నీ ఆవిడే. కానీ మోకాళ్లు పోయాయి. లేచి తువ్వాలు వెయ్యడానికే ఆపసోపాలు పడుతోంది.

"ఏం చేస్తున్నావే అమ్మాయ్?" అంది నన్ను చూసి.

"ఏముంది లల్లా, ఇంట్లో కూర్చున్నా."

"ఎలాగూ కూర్చునే ఉన్నావుగా, వచ్చి నా బల్ల మీద కూర్చో. ఇక్కడ కూర్చుంటే డబ్బులు కూడా ఇస్తారు!"

తడి జుట్లు తుడుచుకుంటున్న ఆడవాళ్లందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. అయితే ఆవిడ హాస్యానికి అనలేదు. ఆ పని చేసేదాన్ని మనవైపు గల్లాసా అంటాం కదా, కూర్చునేది అని. పుట్టినప్పటి నుంచీ అంటున్నాం గానీ, అది ఒక ఉద్యోగం పేరని నాకెప్పుడూ తట్టలేదు.

చిక్కు ఎక్కడంటే, పూటపని కాబట్టి జీతం తక్కువ. ఎంత తక్కువంటే, ఏమీ చెయ్యకుండా ఇంట్లో ఉన్నందుకు వచ్చే భృతి కన్నా తక్కువ. పని ఉందని ఆఫీసులో చెప్పిన రోజున భృతి ఆగిపోతుంది. లల్లా బఖ్తా నా మొహం చూసి కనిపెట్టేసింది. "కాగితాల మీద పెట్టమంటే పెడతాను, వద్దంటే మానేస్తాను. నీ ఇష్టం. కానీ ఒకటి విను, ఆ ఆఫీసు నీకు నలభై వచ్చేదాకానే ఇస్తుంది. ఈ బల్ల మీద నేను డెబ్భై ఏళ్లు వచ్చినా కూర్చునే ఉన్నా" అంది.

ఇందులో ఆలోచించడానికి ఏముందే, మానెయ్ అంటావేమో. నీకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెబుతాను.

అమ్మ పోయాక ఈ ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పిల్లలకి నేను అత్తని. వదిన కూడా పిల్లల్ని అడ్డం పెట్టుకుని "ఒరే, అత్తని రమ్మను, అత్తని తినమను" అంటుంది. అన్నయ్య ఫౌదిల్ టాక్సీ దిగి ఇంట్లోకి వస్తూ "ఎవరున్నారు లోపల?" అంటాడు, నేనే ఉంటాను. ఉద్యోగాల ఆఫీసులో మాత్రం, హాజరుకి పిలిచిన రోజున, "బెన్‌యెత్తూ హస్నియా!" అని గట్టిగా, అందరికీ వినపడేలా పిలుస్తారు. నిజం చెబుతున్నా ఖీరా, ఆ పిలుపు కోసం నేను ఉతికిన గౌను వేసుకుని వెళతాను. మొదటిసారి పిలిచినప్పుడే లేచేదాన్ని. ఈ మధ్య రెండోసారి కూడా పిలవనిచ్చి లేస్తున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నీతో కాక ఎవరితో చెప్పుకోను?

పనిలేని మగవాళ్లకి కనీసం గోడ ఉంది. హమ్మాం ఎదుటి గోడకి చేరగిలబడి నలుగురూ చేరి గింజలు ఒలుచుకుంటూ ప్రపంచాన్ని తిట్టుకుంటారు. మన ఊళ్లో వాళ్లకి గోడగాళ్లని పేరు కూడా ఉంది. మనకి గోడ ఎక్కడిది? నాలుగు గోడల మధ్య ఉంటాం, ఒక్కదానికీ ఆనుకోలేం.

భృతి పోతే వదిన మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. భృతి మొదలైన నెల నుంచే శుక్రవారం కుస్‌కుస్‌లో నా ముందుకు తోసే మాంసం ముక్క పెద్దదైంది. ఆ ముక్క మింగేటప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది. ఏం చెయ్యమంటావో రాయి.

ఇంట్లో కూర్చున్న
నీ హస్నియా


మిలియానా,
గాలి రోజు

నా బంగారు ఖీరా,

నీ ఉత్తరం అందింది. "పిచ్చిమొహమా, రెండూ తీసుకో, లోకమంతా చేస్తున్నదే" అని ఎంత తేలిగ్గా రాశావే! నువ్వు పక్కనుంటే నీ జుట్టు పట్టుకుని గుంజేదాన్ని. కానీ నీ మాటే విన్నాను. కాగితం మీద ఏమీ లేకుండా చేరిపోయాను.

ఇంట్లో గొడవ జరగకపోలేదు. అన్నయ్య చెంచా కింద పడేసి, "డిగ్రీ చదివించింది బట్టల మూటలు కాయడానికా? రేపు నా టాక్సీ ఎక్కినోడు ఫౌదిల్ చెల్లెలు హమ్మాంలో కూర్చుంటుందంట అంటే నేనేం చెప్పాలి?" అన్నాడు.

"కూర్చుంటుందనే చెప్పండి. ఇన్నాళ్లూ ఇంట్లో అదే పనిగా!" అంది వదిన. మనిషి మనసు మంచిదే, నోరే అంత. తరవాత నన్ను వంటింట్లోకి పిలిచి, "భృతి మాత్రం పోకుండా చూస్కో అత్తా. చిన్నాడికి కళ్లజోడు మార్చాలి, తెలుసుగా" అంది. ఆ మాట అన్నందుకు నాకు కోపం రాలేదు. వాడి కళ్లజోడు నిజంగానే పాతదైపోయింది.

పని నాకు నచ్చింది ఖీరా. తువ్వాలు తీసుకుని వీధి తలుపు మీద వేస్తానా, ఎదుటి గోడ దగ్గర ఉన్న మగవాళ్లందరూ తలలు వంచుకుని తలో దిక్కుకీ వెళ్లిపోతారు. ఏ పోలీసుకీ లొంగని గోడ, నా తువ్వాలుకి ఖాళీ అవుతుంది. మొదటి రోజు నాకు ఎంత నవ్వొచ్చిందో. ఆ తరవాత ఇక ఆడవాళ్లే. పెళ్లికూతుళ్లు, బాలింతలు, కోడళ్ల మీద చాడీలు, అత్తల మీద చాడీలు, సబ్బు వాసన, నారింజలు. బయటికి వచ్చిన ప్రతి మనిషికీ "సహ్హా హమ్మామెక్" అనాలి, ఈ స్నానం నీకు ఆరోగ్యాన్నివ్వాలి అని. సాయంత్రానికి గొంతు బొంగురుపోతుంది. ఎన్నేళ్లయిందో నా గొంతు బొంగురుపోయి!

ఇంత బాగున్నప్పుడు ఏడుపెందుకంటావా? ఆఫీసుకి తెలియకూడదు కదా, అందుకని లల్లా బఖ్తా అందరి ముందూ నన్ను సెఆదా అని పిలుస్తోంది. నేనే అడిగి పిలిపించుకున్నాను. "సెఆదా, ఈ కమ్మలు పట్టుకో. సెఆదా, నీ చెయ్యి చల్లన, ఎంత ఓపికే నీకు." మొన్న ఒక ముసలావిడ నా బుగ్గలు పట్టుకుని, "సెఆదా, నిన్ను చూస్తే పోయిన నా కూతురు గుర్తొస్తుంది, ప్రతివారం నీకోసమే వస్తాను" అంది. ఇంటికి వెళ్లేదారిలో కన్నీళ్లు ఆగలేదు. పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరని నీకు రాశాను, దేవుడు పిలిచేవాళ్లని ఇంతమందిని ఇచ్చాడు. అందరూ ఇంకెవర్నో పిలుస్తున్నారు. ఇంట్లో ఉన్నప్పుడు ఒంటరిగా ఉండేది, ఇప్పుడు నలభైమంది మధ్య ఒంటరిగా ఉంది. ఇది ఎక్కువ కష్టంగా ఉందే.

తలుపు చప్పుడైనప్పుడల్లా ఆఫీసు మనిషేమో అని తల దించేస్తున్నాను. తెలిసిన మొహం కనిపిస్తే తలగుడ్డ కొంగు ముక్కుదాకా లాక్కుంటున్నాను. ఇలా నావల్ల కాదు. ఈ నెల హాజరుకి పిలిచినప్పుడు చెప్పేస్తాను. వదినకి ఇంకా చెప్పలేదు.

సెఆదా అని పిలిపించుకుంటున్న
నీ హస్నియా


మిలియానా,
హాజరు వేయించుకున్న రోజు

ఖీరా, నా ప్రాణమా,

గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే తిట్టకు. ఆఫీసుకి వెళ్లాను. నిజం చెప్పాను. భృతి పోలేదు!

కిటికీ వెనక కొత్త అమ్మాయి. అన్నాబా నుంచి బదిలీ మీద వచ్చిందట, మాట తూర్పువాళ్ల యాస. మొహం నిద్రలేనట్టుంది. "బెన్‌యెత్తూ హస్నియా!" అంది. మొదటి పిలుపుకే లేచాను.

"ఏమైనా పని దొరికిందా అక్కా?"

కిటికీ దగ్గరికి వంగి అన్నాను: "గల్లాసాని."

"కూర్చున్నావా?"

"అవును, కూర్చుంటాను."

"ఏం చేస్తాం అక్కా, ఊళ్లో అందరూ కూర్చునే ఉన్నారు. ఓపిక పట్టు" అని నిట్టూర్చి ముద్ర వేసి కాగితం నా చేతిలో పెట్టింది. పనిలేదు, భృతి కొనసాగించవచ్చు అని. వాళ్ల ఊళ్లో హమ్మాంలో కూర్చునే మనిషికి వేరే పేరేదో ఉండి ఉంటుంది, నేను పనిలేక ఇంట్లో కూర్చున్నాననుకుంది. నా వెనక ఆయన "తొందరగా కానీ తల్లీ" అని గొణుగుతున్నాడు. బయటికొచ్చి మెట్ల మీద నిలబడి నవ్వాను. నేను అబద్ధం ఆడలేదు కదా? అడిగింది, చెప్పాను!

వదిన విని పకపకా నవ్వి, "దేవుడే ఆ పిల్ల చెవిలో దూది పెట్టాడు" అని నా నుదుటిమీద ముద్దు పెట్టింది. రాత్రి నాకోసం ఖర్జూరాల రఫీస్ చేసింది, నెయ్యి దండిగా వేసి. తియ్యగానే ఉంది. రెండు ముద్దల తరవాత మాత్రం దిగలేదు.

సంతోషంగానే ఉన్నానేమో,
నీ హస్నియా


మిలియానా,
శుక్రవారం

ఖీరా, చెల్లిలాంటి నా నేస్తమా,

పోయిన ఉత్తరం చింపెయ్. ఇది దాచుకో.

నిన్న గురువారం, హమ్మాం కిక్కిరిసిపోయిన వేళ తలుపు తోసుకుని ఒక అమ్మాయి ఒక్కతే వచ్చింది. నీకు తెలుసు కదా, మన ఆడవాళ్లు హమ్మాంకి ఒంటరిగా రారు. వీపు రుద్దడానికి తోడు ఎవరో ఒకరుంటారు, అక్కో, వదినో, పక్కింటావిడో. ఈ పిల్ల ఒళ్లు రుద్దుకునే కొత్త చేతితొడుగు, కొత్త చెంబు పట్టుకుని గుమ్మంలో బిక్కమొహం వేసుకుని నిలబడింది. ఆఫీసు అమ్మాయి. కొంగు మొహం మీదకి లాక్కోవాలని చెయ్యి లేచింది. ఎందుకో సగంలోనే ఆగిపోయింది.

"ఎంత అక్కా?" అని డబ్బు చాపింది. చాపి నన్ను చూసింది. మళ్లీ చూసింది.

"నువ్వు... నువ్వు కూర్చున్నానన్నావు కదా!"

"ఇక్కడే కూర్చున్నా" అన్నాను.

చాపిన డబ్బు ఇంకా ఆ పిల్ల చేతిలోనే ఉంది. అంతలో లోపల్నించి లల్లా బఖ్తా, "ఎవరే అది? గల్లాసా డబ్బులు తీసుకోకుండా కబుర్లు చెబుతోందేంటి?" అని అరిచింది. ఆ పిల్లకి అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక బల్ల అంచు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, ఆ తరవాత మొహం వాడిపోయి, "ఇప్పుడు నేను రాయాలి కదక్కా. తెలిసీ రాయకపోతే నా ఉద్యోగం..." అంది.

"రాయి. నేను చెప్పడానికే వచ్చాను ఆ రోజు. నువ్వు తప్పు విన్నావు, నేను దిద్దలేదు" అన్నాను.

"జీతం ఎంత?"

చెప్పాను.

"పిచ్చా నీకు? భృతి ఇంతకన్నా ఎక్కువ!"

"ఇంట్లో కూర్చుంటే నాతో మాట్లాడేవాళ్లు లేరు" అన్నాను. అది విని ఆ పిల్ల చెంబు బల్ల మీద పెట్టింది. తరవాత చిన్నగా, "నాకూ ఈ ఊళ్లో ఎవరూ లేరు. గది, ఆఫీసు, గది. వచ్చినప్పటి నుంచీ నేను మాట్లాడిందల్లా ఆ కిటికీలోంచి పేర్లు పిలవడమే" అంది.

ఇక కూర్చోలేకపోయాను ఖీరా. లల్లా బఖ్తాని బల్ల మీదకి లాక్కొచ్చి కూర్చోబెట్టి, చేతులు పైకి మడుచుకుని ఆ పిల్లతో లోపలికి వెళ్లాను. వేడి రాతిబండ మీద బోర్లా పడుకోబెట్టి, ఆ చేతితొడుగు తొడుక్కుని వీపు రుద్దాను. అన్నాబా నుంచి మోసుకొచ్చిన మట్టంతా వదిలింది. మొదట నవ్వింది. తరవాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందని తెలిసి నీళ్లు పోస్తూనే ఉన్నాను, తెలియనట్టు. మా అమ్మ నాకలాగే పోసేది. పేరు వసీలా అని చెప్పింది.

ఇంటికెళ్లి వదినకి చెప్పేశాను. భృతి ఆగిపోతుంది, దొంగతనంగా చేసిన రోజుల సొమ్ము విడతలుగా తిరిగి కట్టాలి. లల్లా బఖ్తా వచ్చేవారం నన్ను కాగితాల మీదకి ఎక్కిస్తుంది. వదిన చాలాసేపు గిన్నెలు తోముతూనే ఉంది. ఇవాళ కుస్‌కుస్‌లో నా ముందు చిన్న ముక్కే ఉంది, కొంచెం ఎముకతో సహా. కష్టం అనిపించలేదని అబద్ధం ఆడను. చిన్నాడి కళ్లజోడు నా మొదటి జీతంలోంచే అని చెప్పాను. అన్నయ్య తలెత్తి చూశాడు.

నిన్నటి సంగతి ఒకటి మిగిలిపోయింది. వసీలా ఎర్రబడ్డ మొహంతో, తలకి తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చింది. నేను అప్పటికి మళ్లీ బల్ల మీద ఉన్నాను. చుట్టూ ఆడవాళ్లు దువ్వుకుంటున్నారు. "సహ్హా హమ్మామెక్" అన్నాను. ఆ పిల్ల గుమ్మం దగ్గర ఆగి, కిటికీ వెనక పిలిచే గొంతుతో కాదు, మామూలు గొంతుతో అంది: "నువ్వు చల్లగా ఉండాలి, హస్నియా."

ప్రతివారం నాకోసం వచ్చే ముసలావిడ దువ్వెన ఆపేసింది. "హస్నియా ఎవరే? నువ్వు సెఆదావి కదూ?"

"కాదు పెద్దమ్మా, నేను హస్నియాని" అన్నాను.

"హస్నియా" అంది ఆవిడ, నోట్లో వేసుకుని రుచి చూస్తున్నట్టు. ఆ వెంటనే, "హస్నియా, నా కమ్మలివ్వు తల్లీ, పొద్దుపోతోంది" అంది.

హస్నియా,
గల్లాసా