వచ్చేముందు ఒక్క దోస్తు

జర్మనీ, ఆదివారం

ప్రియమైన అక్షయ్‌కి,

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే నీ చుట్టూ అత్తమ్మ, బావ, అక్క, పిల్లలు అందరూ ఉంటారు. "తిన్నవా? సలి మస్తున్నదా?" అని అడుగుతారు. తిన్నాను, ఉంది అంటాను. అంతటితో అయిపోతుంది. కార్వాన్‌లో మన ఇంట్లో పక్కకు వెళ్ళి మాట్లాడుకుందామన్నా ఆ పక్క అనేదే లేదు. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నాను. నువ్వూ అలాగే పంపు.

ఇక్కడి బస్సుల వర్క్‌షాపులో నీకు ఉద్యోగం ఖాయమైందన్న మెసేజ్ చూసినప్పుడు నేను మా వృద్ధాశ్రమంలో ఒక ముసలాయనకు సూప్ తాగిస్తున్నాను. సంతోషంతో చెంచా జారి ఆయన చొక్కా మీద పడింది. నర్సుగా ఇక్కడికి వచ్చాక నేను చేసిన మొదటి తప్పు అదే. 

నువ్వు నాతో ఉంటావని నేను సంతకం చేసి ఇంటి కాగితం పంపితేనే నీకు వీసా వస్తుందని తెలుసు. పంపుతాను. కానీ అంతకుముందు నువ్వు రెండు పనులు చెయ్యాలి. ఒకటి, ఒక దోస్తును సంపాదించుకో. చుట్టం కాదు, గ్యారేజీలో పనివాడు కాదు, దోస్తు. రెండు, పైసా రాని పని ఏదైనా నేర్చుకో. పాటో, ఆటో, ఏదో ఒకటి. ఇంజను విప్పి బిగించడం లెక్కలోకి రాదు.

మన పెళ్ళికి నీ తరఫున వచ్చిన కుర్రాళ్ళంతా బావ దోస్తులే. ఆ రోజే నిన్ను ఆట పట్టించాను, గుర్తుందా? ఇప్పుడు ఆట కాదు. ఇక్కడ ఆదివారం దుకాణాలు మూసేస్తారు. చలికాలం మధ్యాహ్నం దాటగానే చీకటి పడుతుంది. ఆ చీకట్లో ఏం చేస్తావో అక్కడే తేల్చుకుని రా.

నీ
స్రవ్య

•

కార్వాన్, మంగళవారం

ప్రియమైన స్రవ్యకు,

ఉద్యోగం ఇచ్చినవాళ్ళు కూడా ఇన్ని షరతులు పెట్టలేదు. నట్లు బిగించడం వచ్చా అని అడిగారు, వచ్చన్నాను, అయిపోయింది. కట్టుకున్న పెళ్ళాం మాత్రం పాటలు వచ్చా అంటోంది.

నాకు దోస్తులు లేరని ఎవరన్నారు? మున్నా లేడూ? నయాపూల్ దగ్గర ఆటో నడుపుతాడు, నువ్వూ చూశావు. వారానికోసారి గ్యారేజీకి వస్తాడు, ఆటో బాగు చేసి ఇస్తాను, ఇద్దరం చాయ్ తాగుతాం. ఇంతకంటే దోస్తానా ఏముంటుంది? ఇక సరదా అంటావా, ఫోన్లో వంట వీడియోలు చూస్తాను. వండను. చూస్తాను.

స్రవ్యా, నవ్వులాట పక్కన పెట్టు. నెలాఖరులోగా నా కాగితాలన్నీ అందకపోతే ఉద్యోగం వేరేవాళ్ళకు ఇస్తామని రాశారు. నీ సంతకం ఒక్కటే మిగిలింది. వెంటనే పంపు.

నీ
అక్షయ్

•

జర్మనీ, శుక్రవారం

ప్రియమైన అక్షయ్‌కి,

మున్నా నీ దోస్తు కాదు. నువ్వు అతని ఆటోకు మెకానిక్‌వి. నీకు జ్వరమొస్తే అతనికి ఫోన్ చేస్తావా? చెయ్యవు. ఎవరికీ చెయ్యవు. అందరి పనీ చేసిపెడతావు, నీ పని మాత్రం ఎవరికీ చెప్పుకోవు. మామయ్య పోయినప్పుడు ఏం చేశావు? గదిలో తలుపేసుకుని గోడ చూస్తూ కూర్చున్నావు. అప్పుడు అత్తమ్మ ఉంది, నేనున్నాను, బయటికొస్తే పలకరించడానికి గల్లీ అంతా ఉంది. ఇక్కడ గల్లీ లేదు. రోడ్డు ఉంది, దాని మీద కార్లు ఉన్నాయి.

సంతకం ఇప్పుడే పెట్టలేను. నామీద కోపం తెచ్చుకున్నా సరే.

నీ
స్రవ్య

•

కార్వాన్, ఆదివారం

స్రవ్యకు,

ఈ వారమంతా ఇంట్లో ఒకటే లొల్లి. "సంతకం పెట్టనీకి గింత ఆలోచన ఏందిరా? మొగడు వస్తడంటే సంబురపడాలె గని!" అని అన్న అందరి ముందే అన్నాడు.  వదిన నా వైపు చూసిన చూపు ఇంకా గుచ్చుకుంటోంది. అమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయింది.

నేను సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పు. నేను రావడం నీకు ఇష్టం లేదా? అక్కడ నీకు వేరే ఎవరైనా ఉన్నారా? ఉంటే దోస్తులని, సరదాలని ఈ సాకులెందుకు? వద్దంటే రాను. ఆ ఉద్యోగం పోతే పోయింది, నయాపూల్‌లో నా గ్యారేజీ ఎక్కడికీ పోదు.

నీ ముచ్చట తీర్చడానికి నిన్న చార్మినార్ వెనక గల్లీలో ఒక క్యారమ్ క్లబ్బుకు వెళ్ళాను. వరసగా ఓడిపోయాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన నవ్వుతూనే ఉన్నాడు. నీకిది చాలా?

అక్షయ్

•

జర్మనీ, సోమవారం

ప్రియమైన అక్షయ్‌కి,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. వేరే ఎవరైనా ఉన్నారా అని అడిగావు. ఎవరూ లేరు అక్షయ్. ఇంకెప్పుడూ ఆ మాట అనకు.

నిన్ను ఎందుకు ఆపుతున్నానో చెబుతాను. మా పై అంతస్తులో వైకుంఠం అనే ఆయన ఉన్నాడు. కరీంనగర్ వైపు మనిషి. భార్యకు ఇక్కడ ఉద్యోగమైతే వెనకాలే వచ్చి గోదాములో పనిలో చేరాడు. నీలాగే పనిమంతుడు. నీలాగే నోట్లోంచి మాట రాదు. వచ్చిన కొత్తలో బాగానే ఉన్నాడు. ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడడు. పనికి వెళ్తాడు, వస్తాడు, కిటికీ దగ్గర కూర్చుంటాడు.

ఒక సంగతి చెప్పనా? ఇక్కడ దుకాణంలో బిల్లు కట్టేటప్పుడు కౌంటర్ అమ్మాయి మన ముఖం చూసి, నవ్వి, నమస్కారం చెబుతుంది. ఆ ఒక్క పలకరింపు కోసం వైకుంఠం ఉప్పు పొట్లం కొనుక్కుని, బయటికొచ్చి, మళ్ళీ వెళ్ళి వరసలో నిలబడి ఇంకో ఉప్పు పొట్లం కొంటాడు. ఉప్పే ఎందుకంటే అది అన్నిటికంటే చవక. వంటింటి అలమారా నిండా ఉప్పే. రెండోసారి వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి గుర్తుపట్టి ఏమనుకుంటుందోనని గుండె దడదడలాడుతుంది. గుర్తుపట్టకపోతే ఇంకా బాధగా ఉంటుంది.

పని ఉంటే చాలు, మనిషి బతికేస్తాడని ఆయన అనుకున్నాడు. నువ్వూ అదే అనుకుంటున్నావు. నువ్వు అలా కావడం నేను చూడలేను. అంతే నా సాకు.

నీ
స్రవ్య

•

కార్వాన్, శనివారం

ప్రియమైన స్రవ్యకు,

తప్పుగా మాట్లాడాను. నీ ఉత్తరం చదివాక ఆ రోజు గ్యారేజీలో పని సాగలేదు.

క్యారమ్ ఆడుతున్నాను. నిజంగా ఆడుతున్నాను, నీ కోసం కాదు. ఎదురుగా కూర్చుని నవ్విన పెద్దాయన పేరు గులాం నబీ. గాజుల దుకాణం కొడుకుకు అప్పజెప్పి సాయంత్రాలు క్లబ్బుకు వస్తాడు. మొన్న ఓడిపోయిన కోపంలో స్ట్రైకర్ విసిరేశాను. అది వెళ్ళి ఆయన చాయ్ గ్లాసులో పడింది. "భాయ్, ఇంజన్ల గూడ గిట్లనే సుత్తె ఇసురుతవా?" అన్నాడు. క్లబ్బంతా నవ్వింది, నేను కూడా నవ్వాను. ఆ తర్వాత ఏమైందో తెలియదు, నాన్న పోయిన సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఆయన ఆట ఆపేసి విన్నాడు. మధ్యలో ఓదార్చలేదు. చివర్న "రేపు గూడ రా" అన్నాడు. మరునాడు వెళ్ళాను. ఇప్పుడు రోజూ గ్యారేజీ మూసి నయాపూల్ దాటి అటే పోతున్నాను.

వైకుంఠం ఎలా ఉన్నాడు? వాళ్ళింటికి ఒకసారి వెళ్ళి పలకరించు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదేమిటి? అమ్మ కూడా అడుగుతోంది. ఇక రోజులు ఎక్కువ లేవు, సంతకం సంగతి చూడు.

నీ
అక్షయ్

•

జర్మనీ, ఆదివారం

ప్రియమైన అక్షయ్‌కి,

గులాం నబీ గారి గురించి రాసింది చదివి చాలా సంతోషంగా ఉంది. ఇక నీ గురించి నాకు ఫికర్ లేదు. సంతకం చేశాను. కాగితం ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను.

వైకుంఠాన్ని అడిగావు. ఈ మధ్య పనికి కూడా సరిగా వెళ్ళడం లేదు. స్టేషన్‌కు వెళ్ళి బెంచీ మీద కూర్చుంటున్నాడు. ఇది చిన్న ఊరు, పెద్ద రైళ్ళు ఆగవు. అవి దూసుకుపోతుంటే ఆ గాలికి ఒళ్ళంతా తేలికైపోతుంది. కాసేపు ఏ ఆలోచనా ఉండదు. మళ్ళీ ఇంటికి నడిచి రావడమే కష్టం.

ఫోన్ ఎత్తకపోతే కంగారు పడకండి, అలసటగా ఉంటోంది. ఒకవేళ నువ్వు వచ్చేసరికి నేను ఇంట్లో లేకపోతే తాళంచెవి కింది వాటాలోని ముసలావిడ దగ్గర ఉంటుంది. అత్తమ్మను అడిగానని చెప్పు. నువ్వు ఆడటం ఆపకు, ఏమైనా సరే ఆపకు.

నీ
స్రవ్య

•

కార్వాన్, ఆదివారం సాయంత్రం

స్రవ్యా, నా స్రవ్యా,

నీ ఉత్తరం క్యారమ్ క్లబ్బులో ఉండగా వచ్చింది. సంతకం చూసి ఎగిరి గంతేశాను. అందరికీ చాయ్ చెప్పాను. గులాం నబీ భాయ్ ఏం రాసిందో చెప్పమన్నాడు. నీకు కోపం వస్తుందేమో, కానీ దాచను. ఇదీ, ఇంతకుముందు వైకుంఠం గురించి రాసిన ఉత్తరమూ రెండూ చదివి వినిపించాను.

ఆయన నవ్వలేదు. చాయ్ ముట్టుకోలేదు. "అక్షయ్, వాని బీవీ ఏడున్నది?" అన్నాడు.

ఎవరి బీవీ అన్నాను.

"గా వైకుంఠంది. మొగని సంగతి గింతగనం రాసిన ఆడమనిషి, వాని పెండ్లాం సంగతి ఒక్క ముక్క రాయకుంటదా? ఎవ్వనితోని మాట్లాడనోడు ఉప్పెందుకు కొంటున్నడో, రైలు గాలికి వానికి పానం ఎట్లుంటదో బేటీకి ఎట్ల ఎరుకైంది?"

 ఇన్నాళ్ళూ చదివింది నేను. మొగుణ్ణి నేను. నాకెందుకు తట్టలేదు స్రవ్యా? నన్ను గురించి భయపడుతున్నావనే అనుకున్నాను. వెంటనే ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ మళ్ళీ చేశాను. రోడ్డు మీద నిలబడి ఏడ్చాను. సిగ్గు పడలేదు.

తర్వాత గులాం నబీ భాయ్ చెయ్యి పట్టుకుని, "భాయ్, నాకేం తోస్తలేదు, ఏదన్న చెయ్యి" అన్నాను. నేను ఒకరిని అలా అడగడం నాకే వింతగా ఉంది. ఆయన మేనకోడలు ఆఫ్షీన్ ఆ దేశంలోనే మందుల కంపెనీలో పనిచేస్తోందట. మీ ఊరు చేరాలంటే రాత్రంతా రైళ్ళు మారుతూ రావాలట. ఆయన ఫోన్ చేసి మొత్తం చెప్పలేదు, "మన ఇంటి బిడ్డ ఒక్కతే ఉన్నది, ఇప్పుడే పో" అన్నాడు. ఆమె ఎందుకని కూడా అడగలేదు, రైలెక్కింది.

ఈలోగా కింది వాటా ముసలావిడను నీ దగ్గరికి పంపమని మీ ఆశ్రమానికి ఫోన్ చేశాను. నా ఇంగ్లీషు వాళ్ళకు అర్థమైందో లేదో తెలియదు. వీసా వచ్చిన రోజే నేను బయల్దేరతాను. ఉద్యోగం కోసం కాదు.

ఈ ఉత్తరం చూస్తే ఇంట్లోనే ఉండు. ఎక్కడికీ వెళ్ళకు. ఇల్లు సర్దక్కర్లేదు, ముఖం కడుక్కోక్కర్లేదు, ఎవరితోనూ నవ్వుతూ మాట్లాడక్కర్లేదు. ఆఫ్షీన్ వచ్చి కొడితే తలుపు మాత్రం తియ్యి. అది ఒక్కటే అడుగుతున్నాను.

నీ
అక్షయ్

•

జర్మనీ, సోమవారం మధ్యాహ్నం

ప్రియమైన అక్షయ్‌కి,

తలుపు వెంటనే తియ్యలేదు. కొడుతుంటే మంచం మీద అలాగే కూర్చున్నాను. కింది ముసలావిడ అంతకుముందే వచ్చి కొట్టి, ఏదో అడిగి వెళ్ళింది. బాగున్నానని లోపల్నుంచే చెప్పాను. ఈసారి తెలుగు వినిపించింది. "అక్కా, నేను ఆఫ్షీన్. గులాం నబీ మామూ పంపిండు. మాట్లాడకున్న మంచిదే గని, రైలుల బాత్‌రూం ఖరాబున్నదక్కా, జల్ది తలుపు తియ్యి!" అంది. ఇక ఏం చేస్తాను? తీశాను.

వైకుంఠం అనే మనిషే లేడు అక్షయ్. మగమనిషి పేరు పెట్టి రాస్తే ఆ భయం నాది కాదనిపించేది. నేను ఇక్కడికి ఒక భాషా, ఒక డిగ్రీ తప్ప ఏమీ లేకుండా వచ్చాను. నువ్వూ అలాగే వస్తే నేను మునిగిపోతూ నిన్ను కూడా లాగేస్తానని భయపడ్డాను. నువ్వు గట్టున ఉంటే చాలనుకున్నాను. నిన్న నీకు రాశాక స్టేషన్‌కే వెళ్ళాలనుకున్నాను. చెప్పులు వేసుకున్నాను కూడా. ఫోన్ అదేపనిగా మోగుతుంటే ఆ చెప్పులతోనే మంచం మీద కూర్చుండిపోయాను.

రేపు ఇద్దరం కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. ఆఫ్షీన్ సెలవు పెట్టేసింది, నువ్వు వచ్చేదాకా వంతులేసుకుని ఎవరో ఒకరు ఉంటారట. ఆమెకు ఇక్కడ ఒక గుంపే ఉంది. నన్ను ఏమీ అడగలేదు. మీ క్లబ్బులో నువ్వు గ్లాసులో స్ట్రైకర్ వేసిన సంగతి మాత్రం అభినయించి చూపించింది. ఆ కథ అప్పుడే జర్మనీ దాకా వచ్చేసింది, చూసుకో.

రాత్రంతా ప్రయాణం చేసి ఇప్పుడు నా మంచం మీద అడ్డంగా పడి నిద్రపోతోంది. చిన్న మనిషే గానీ గురక మాత్రం మన గల్లీ అంతా లేచేంత ఉంది. ఈ గదిలో నేను కాక ఇంకో మనిషి చప్పుడు వినడం ఇదే మొదటిసారి. ఆమె లేస్తుందేమోనని పొయ్యి మీది గిన్నె కూడా చప్పుడు కాకుండా దించాను.

ఇంట్లోనే ఉన్న
నీ స్రవ్య