కిమ్చీకి స్నానం

ప్యో టీచరుగారికి,

నమస్కారం. శనివారం మన సంఘం సమావేశానికి నేను రాలేను. పరాయి పిల్లల్ని పెంచే ఇళ్ళకి అండగా ఉండాలని చేరినదాన్నే కానీ, నాలుగేళ్ళు నా దగ్గరే పెరిగిన సెబిన్ సంగతి కమిటీ ముందుకొస్తే నోరు మూసుకుని కూర్చోలేను.

కన్నతల్లి దగ్గరికి తిరిగి వెళ్ళిన బిడ్డని పెంచినవాళ్ళు కొన్నాళ్ళు చూడకూడదన్న నియమానికి చెయ్యెత్తిన వాళ్ళలో నేనూ ఉన్నాను. నియమం మంచిదే. అందుకే సెబిన్ వాళ్ళమ్మ ఉండే మొక్పోకి బస్సెక్కకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను.

వాడు ఉత్త అన్నమే తింటున్నాడని, "నా మీద కోపమేమో" అని వాళ్ళమ్మ మీకు ఫోన్ చేసి ఏడ్చిందట కదా. కోపం కాదండీ, కారం. మా ఇంట్లో వాడి కిమ్చీని, క్యాబేజీ ముక్కలకి పట్టిన కారమంతా పోయేలా నీళ్ళలో కడిగి పెట్టేదాన్ని. తినడానికి కూర్చోగానే, "పెద్దమ్మా, నా కిమ్చీకి స్నానం అయిందా?" అనేవాడు. పంపేటప్పుడు వాళ్ళమ్మకి జ్వరం మందు చెప్పాను, బూట్ల సైజు చెప్పాను, ఇది మరిచాను. పైగా వాడితో, "అమ్మ పెట్టినదానికి వంకలు పెట్టకురా" అన్నాను. మాట నిలబెట్టుకుంటున్నాడు, వెధవ.

ఈ ఉత్తరంతో ఒక డబ్బా పంపుతున్నాను. సంఘం పంచే చలికాలపు కిమ్చీ అని చెప్పి ఇవ్వండి, నా పేరు ఎత్తకండి. వాళ్ళింట్లో ఉన్నదాన్ని ఎలా కడగాలో వాళ్ళమ్మకి మీరే చూపించండి. స్నానం అయిందా అని వాడు ఇకమీదట ఆమెనే అడగాలి.

ఈ ఒక్క డబ్బా మాత్రం నేనే కడిగేశాను. కడిగింది నిలవ ఉండదు, ఇవాళే వెళ్ళండి.