హ్యాండిల్ వేడెక్కని ఉదయం

అక్కా, ఈ కవరులో రెండు కాగితాలు పెట్టాను. మొదటిది నాయన పక్కన కూర్చుని గట్టిగా చదివి వినిపించు. రెండోది నీ ఒక్కదానికే. ఫ్యాక్టరీలో నా పని పోయింది. అది ఎలా పోయిందో రెండో కాగితంలో రాశాను. నాయనకు మాత్రం తెలియనివ్వద్దు.

(మొదటి కాగితం)

నాయనకు, రెడ్డెమ్మ అక్కకు, మునిరత్నం మొక్కి రాసుకునేది. నేను ఇక్కడ ఒళ్ళు బాగుండి, వేళకింత తిని, వెచ్చగా కప్పుకుని పడుకుంటున్నాను. నాయన మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? కంటికి చుక్కలు వేసుకుంటున్నాడా, సీసా అరలో పెట్టి మరిచిపోతున్నాడా? పిల్లలు సక్రమంగా బడికి పోతున్నారా? బంగారుపాళ్యం తోటల్లో పూత దిగిందా? మంచుకు మాడలేదు కదా? ఇవన్నీ వివరంగా రాయండి. క్లుప్తంగా రాస్తే నాకు తృప్తి ఉండదు.

సిమ్లాకు ఇంకా పైన ఉంది నేనుండే ఊరు. చలి గురించి ఏం చెప్పేది! మన దగ్గర కొబ్బరినూనె పేరుకుంటే సీసా ఎండలో పెడతాం కదా. ఇక్కడ ఎండలో పెట్టినా కరగదు. గరిటె కాడతో తవ్వుకుని తలకు రాసుకోవాలి. పొద్దున కొళాయి తిప్పితే నీళ్ళు రావు, గొట్టంలోనే గడ్డ కట్టి ఉంటాయి. స్నానం సంగతి అడగవద్దు. అమ్మ బతికి ఉంటే నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు.

తిండికి లోటు లేదు. రొట్టె, ఎర్ర చిక్కుడు గింజల కూర. మొదట్లో నోటికి సహించలేదు గానీ ఒకరోజు సంతలో మన రాగులు కనబడ్డాయి. ఇక్కడ కోద్రా అంటారు. పిండి పట్టించుకొచ్చి సంగటి కెలికాను. నాతో పాటే గదిలో ఉంటున్న మన చెంగల్రాయులు బావ రెండు ముద్దలు తిని, ఊళ్ళో ఉన్నట్టే ఉందన్నాడు. వీలైతే ఎవరి చేతనైనా కాస్త చింతపండు, వేయించిన చెనక్కాయల పొడి పంపండి. ఇక్కడి చింతపండుకు పులుపే లేదు.

నాయనా, పని సంగతి. మనూళ్ళో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు ఆషాఢం దాటితే మూతపడతాయి. ఇక్కడ యాపిల్ రసం ఫ్యాక్టరీ సరిగ్గా అప్పుడే తలుపులు తీస్తుంది. నువ్వు మాగేసిన కాయల కుప్ప ముందు నన్ను కూర్చోబెట్టి, కళ్ళు మూయించి, బొటనవేలితో కాయ తొడిమ పక్కన నొక్కించి నేర్పిన విద్యే ఇక్కడా అన్నం పెట్టింది. యాపిల్ కూడా అంతే. పైకి నిగనిగలాడుతుంది, లోపల మెత్తబడి ఉంటుంది. వేలికే తెలియాలి. రైతులు చలికాలమంతా కాయలను ఇళ్ళ కింది గదుల్లో దాచుకుంటారు. ఫ్యాక్టరీ వాళ్ళ పాత పెద్ద మోటారుసైకిలు వేసుకుని ఊరూరా తిరిగి, మెత్తబడబోయే కాయలు ఏరి రసానికి పంపించాలి.

ఇక నీకు నచ్చే సంగతి. బండి మీద పోతే చలంతా చేతులకే తగులుతుంది. గ్లౌజు మీద గ్లౌజు వేసుకున్నా కాసేపటికి బ్రేకు పట్టడానికి వేళ్ళు వంగవు. ఇక్కడ బలదేవ్ అని ఒక మెకానిక్ ఉన్నాడు. అతని షాపుకు ఒక విదేశీయుడు బండి తెచ్చాడు. నేను ఊరికే హ్యాండిల్ పట్టుకుని చూద్దును కదా, పొదిగే కోడి కింద చెయ్యి పెట్టినట్టు వెచ్చగా ఉంది! పిడుల లోపల తీగ చుట్టి బ్యాటరీ కరెంటు ఇచ్చారట. అంతే, మనమూ చేద్దామని కూర్చున్నాం.

పాడైన గది హీటరు తీగ తీసి, వేడికి కాలని టేపు కింద ఒక వరస, పైన ఒక వరస వేసి హ్యాండిల్‌కు చుట్టి, మీద రబ్బరు పిడి ఎక్కించాం. మొదటిసారి కుడి చెయ్యి కాలిపోయింది, ఎడమ చెయ్యి చల్లగానే ఉంది. కుడివైపు యాక్సిలరేటరుకు ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, ఎడమవైపు ఉత్త ఇనుము. వేడినంతా ఆ ఇనుమే తాగేసింది. ఎడమవైపు టేపు ఇంకా మందంగా చుట్టాం. తర్వాత యాక్సిలరేటరు తిప్పి తిప్పి తీగ తెగింది. అక్కడ కాస్త వదులుగా ఉంగరంలా వదిలాం. ఆ తర్వాత నా తెలివి చూడు, తిన్నగా బ్యాటరీకే కలిపి స్విచ్చి కట్టడం మరిచాను. తెల్లారేసరికి బ్యాటరీ చచ్చింది, బండిని వాలు దాకా తోసుకెళ్ళాను. బలదేవ్ తిట్టని తిట్టు లేదు. చివరికి తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరు నుంచి తీసుకుని, సీటు కింద పక్క మూతలో చిన్న గాజు ఫ్యూజు పెట్టి, హారను పక్కన స్విచ్చి బిగించాం.

మనం కొత్త బండిని అలిపిరి తీసుకెళ్ళి కొబ్బరికాయ కొట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించందే రోడ్డెక్కం కదా. ఇక్కడ నిమ్మకాయ దొరకలేదు. పిడులకు కుంకుమ పెట్టి, చక్రం కింద యాపిల్ పెట్టాను. బలదేవ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. బావ కూడా పక్కనే ఉండి, ఏ వైరు ఎక్కడికి పోతుందో అన్నీ అడిగి తెలుసుకున్నాడు.

నా గురించి దిగులు పెట్టుకోవద్దు నాయనా. చేతులు వెచ్చగా ఉన్నాయి, కడుపు నిండుగా ఉంది. సుబ్బరాజు మామకు, పక్కింటి పెద్దమ్మకు నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నీ చెయ్యి నా తలమీద ఉన్నట్టే అనుకుని పని చేసుకుంటున్నాను, అట్లాగే దీవించు.

(రెండో కాగితం)

అక్కా, ఇక్కడి నుంచి నువ్వు మనసులోనే చదువుకో.

ఫోన్ చేద్దామని టెలిఫోన్ బూత్ దాకా పోయి తిరిగొచ్చాను. నీ గొంతు వింటే అడగాల్సింది అడగలేను. అందుకే రాస్తున్నాను.

మొదటి కాగితంలో హ్యాండిల్ వేడి గురించి సరదాగా రాశాను. సరదాకు చేసిన పని కాదు, నీకు తెలుసు. చలి మొదలైన కొత్తలో నీకు ఫోన్ చేశాను, గుర్తుందా? బండి దిగాక కుడి బొటనవేలికి స్పర్శ ఉండటం లేదు, కాయ నొక్కితే రాయిని నొక్కినట్టే ఉంది, వేడి తగిలితే మెల్లగా మళ్ళీ వస్తోంది అన్నాను. ఎవరితోనూ అనవద్దు, బావతో కూడా అనవద్దు అన్నాను. చలికాలానికి ఒక్కరినే ఉంచుకుంటామని మేనేజరు అప్పటికే చెప్పి ఉన్నాడు. ఉంచుకున్నవాడికి పని ఖాయం, ఉండటానికి ఇల్లు ఇస్తారు. సీసాలు కడిగే దగ్గర ఉన్న బావను పంపేసి, కాయ తెలిసినవాణ్ణని నన్ను ఉంచుకోవాలని వాళ్ళ ఆలోచన. సగం ఏడాది పని, సగం ఏడాది బస్టాండు టీకొట్టు బెంచీ, ఈ బతుకు ఇక చాలని నాకు ఎంత ఆశగా ఉండిందో నీకే చెప్పుకున్నాను.

నువ్వేమన్నావు? "నేనెందుకు చెప్తాన్రా? నా నోట్లో నుంచి ఒక్క మాట గూడా బయటికి రాదు. నువ్వు జాగర్తగా ఉండు అబ్బోడా" అన్నావు. నీ మాట విని గుండె కుదుటపడింది. ఆ తర్వాతే బలదేవ్‌తో కూర్చుని ఆ తీగ చుట్టాను. వేలు బాగానే తేరుకుంది. బండి దిగీ దిగగానే కాయ పడితే మన కాయల కుప్ప ముందు కూర్చున్నట్టే తెలిసేది.

పని పోయిన రోజు కొండ అవతలి ఊరికి పోవాలి. పొద్దున స్విచ్చి నొక్కాను. కొంత దూరం పోయినా పిడి వేడెక్కలేదు. ఎక్కడో తీగ వదులై ఉంటుంది, వచ్చాక చూసుకుందాం అనుకున్నాను. ఆగితే ఆలస్యమవుతుంది, ఆ దారిలో ఆగితే చలికి నిలబడనూ లేము. గాలి సూదుల్లా గుచ్చింది. కాసేపటికి అదీ తెలియలేదు.

పోయేసరికి మేనేజరు జీపులో ముందే వచ్చి ఉన్నాడు. అతను అట్లా రావడం ఎప్పుడూ లేదు. రైతు ఇంటి ముందు తట్టలో కాయలు పెట్టి ఉన్నాయి. గ్లౌజులు తీసి, కళ్ళు మూసుకుని మెత్తవి, గట్టివి వేరు చెయ్యమన్నాడు. ముందు చెయ్యి కాచుకుంటానన్నాను. ఇప్పుడే చెయ్యమన్నాడు.

చేశాను అక్కా. ఒక్కటీ తెలియలేదు. ఊహించి పెట్టాను. కళ్ళు తెరిచేసరికి రైతు భార్య నవ్వు ఆపుకుంటోంది. మేనేజరు నా చెయ్యి తీసుకున్నాడు. నా మొహంలోకే చూస్తూ ఏదో అడుగుతున్నాడు, నేను జవాబు చెబుతున్నాను. కిందికి చూస్తే అతని గోరు నా బొటనవేలి కొనలో దిగబడి ఉంది, రక్తం చుక్క కూడా వచ్చింది. నాకు తెలియనే లేదు. అతనేమీ కసురుకోలేదు. ఈ చేతితో ఈ పని కాదు, రేపటి నుంచి చెంగల్రాయులు తిరుగుతాడు అన్నాడు. రోగం దాచిపెట్టి పని చేశానని మాత్రం అందరిలో అన్నాడు. అది తల తీసేసినట్టు అయింది.

తిరిగొచ్చి సీటు పక్క మూత తెరిచాను. ఫ్యూజు లేదు. కాలిపోయి ఉంటే గాజు అక్కడే ఉండాలి. ఉత్త గూడు ఉంది. దానికది ఊడి పడేది కాదు, నేనే బిగించాను.

బావ గదిలో ఉర్లగడ్డలు తరుగుతున్నాడు.

"బావా, ఫ్యూజు యాడుండాది?" అన్నాను.

"ఏం ఫ్యూజు?"

"సీటు కింద పెట్టినాను గదా, అది."

కత్తి పక్కన పెట్టి, స్వెట్టరు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. అగ్గిపెట్టె అడిగితే ఇచ్చినట్టు ఇచ్చాడు.

"ఒక్క పూటకే తీసినాను లేప్పా. నీ వేలు సంగతి యాడికి దాగతాది? ఈ పొద్దు కాకుంటే రేపు బయట పడేదే గదా. మేనేజరుకు నేనే చెప్పినాను. నేను పోయి ఊళ్ళో కూసుంటే నీ అక్కా పిల్లోళ్ళు ఏం తినాల?"

"వేలు సంగతి నీకెవరు చెప్పినారు?"

"ఇంకెవురు? మీ అక్కే. వానికి వేలు పోయిందంట, ఆ పని నీకొచ్చేట్టు సూసుకో, ఇల్లు గూడా ఇస్తారంట, మేమూ ఆడికే వచ్చేస్తాం అనింది." ఆపైన ఏమీ జరగనట్టు, "అన్నం పెట్టుకో. సల్లారిపోతా ఉండాది" అన్నాడు.

బావ మోసం చేశాడు. దానికి నాకు కోపం ఉంది, తిట్టుకుంటాను, కొన్నాళ్ళకు కొంత తగ్గుతుందేమో. సీజను లేక ఆయన ఇంట్లో కూర్చున్నప్పుడు, నీతో పాటు తీసుకుపోరా అని నువ్వు ఏడిస్తే, నా మాట మీద ఈయనకు ఇక్కడ పని ఇప్పించాను. నా గదిలో పెట్టుకున్నాను. రోజూ ఆయనకు పెట్టాకే నేను తిన్నాను. మన ఇళ్ళల్లో అక్క మొగుడు ఎంత మాటన్నా బామ్మర్ది నోరు మూసుకోవాలి, అట్లాగే మూసుకున్నాను. అదంతా పోనీ. నువ్వు నాకిచ్చిన మాటను మాత్రం పోనీ అనుకోలేకపోతున్నాను. అమ్మ పోయాక నాకు జడుపు జ్వరం వస్తే నువ్వే పక్కలో వేసుకుని పడుకున్నావు. నా లోకంలో దాచుకోవడానికి ఉన్న చోటు నువ్వొక్కదానివే అనుకున్నాను. అక్కడి నుంచే బయటికి పోయింది.

మర్నాడు పటకారు తీసుకుపోయి పిడులు కోసి తీగ మొత్తం ఊడదీసుకున్నాను. బావ పరుగెత్తుకొచ్చి, "అది ఫ్యాక్టరీ బండి, చెయ్యి పెట్టొద్దు" అన్నాడు. "బండి ఫ్యాక్టరీది, తీగ నాది" అన్నాను. ఫ్యాక్టరీ గది ఖాళీ చేసి బలదేవ్ షాపు వెనకాల ఉంటున్నాను. చలిలో తిరిగే బండ్లకు పిడులు వేడెక్కేట్టు చేసి పెడుతున్నాం, పని దొరుకుతోంది. స్క్రూ పట్టుకోవడానికి స్పర్శ సరిపోతుంది. కాయ పట్టడానికి సరిపోదు. ఇక్కడి డాక్టరు ఎండాకాలానికి తిరిగి రావచ్చు అన్నాడు, తప్పకుండా వస్తుందని మాత్రం అనలేదు. నాయన అడిగితే వేళ్ళు భేషుగ్గా ఉన్నాయని చెప్పు.

ఇంకో సంగతి. బావ ఇప్పుడు ఉత్త హ్యాండిల్ పట్టుకుని తిరుగుతున్నాడు. మొద్దుబారిన చేతులు తెచ్చి తిన్నగా పొయ్యి మీద కాచుకుంటున్నాడని షాపులో ఎవరో అన్నారు. వద్దని చెప్పు. స్పర్శ లేని చేతికి కాలుతున్నది తెలియదు, తోలు ఊడి వస్తుంది. ముందు చంకల్లో పెట్టుకోవాలి, తర్వాత గోరువెచ్చటి నీళ్ళలో ముంచాలి. నేను చెబితే వినడు. నువ్వు చెబితే వింటాడు.

ఇప్పుడు అడుగుతున్నాను అక్కా. నా వేలి సంగతి బావతో ఎందుకు చెప్పావు? తమ్ముడికి ఏమన్నా అవుతుందేమో, కాస్త కనిపెట్టి ఉండు అని భయపడి చెప్పావా? అట్లా అయితే ఒక్క ముక్క రాయి. బావ మాట అబద్ధమని నమ్ముతాను, రెండోసారి అడగను. బావ చెప్పిందే నిజమైతే ఏమీ రాయవద్దు. నీ చేతి రాతలో ఆ మాట చదవలేను.

ఉత్తరం చివర నిన్ను దీవించమని అడగడం ఇన్నేళ్ళలో ఒక్కసారీ మానలేదు. ఈసారి నీ జవాబు వచ్చాక అడుగుతాను.

మునిరత్నం